తొలి బింబం

2089 నాటికి విశాఖపట్నంలో చెడిపోయిన ఫోటో అంటూ ఎవరి దగ్గరా లేదు. ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళకైతే అలాంటిదొకటి ఉంటుందనే తెలియదు. పుట్టినరోజు కేకు ముందు పిల్లవాడు ఎంత గుక్కపట్టి ఏడ్చినా ఫోటోలో నవ్వుతూనే ఉంటాడు. తలంబ్రాలు పోసేటప్పుడు పెళ్ళికూతురు కళ్ళు మూసుకోదు. బీచిలో ఎవరిని తీసినా అల సరిగ్గా వాళ్ళ మోకాళ్ళ దగ్గరే విరుగుతుంది. తీసినవాడి చెయ్యి వణికినా, సూర్యుడు ఎదురుగా ఉన్నా, లెన్సు మీద ఇడ్లీపిండి అంటి ఉన్నా ఫోటో మాత్రం ముత్యంలా వస్తుంది.

అది స్ఫుటిని చేసే పని. కెమెరాల్లో, ఫోనుల్లో, ఆఖరికి గోడలకి తగిలించుకునే తెర అద్దాల్లో కూడా అమర్చిన గోరంత పలక పేరు స్ఫుటిని. వెలుగు లోపలికి రాగానే పలక మీద పడే బొమ్మని తొలి బింబం అంటారు. అది ఎవరి కంటా పడకముందే స్ఫుటిని దాన్ని దిద్దేస్తుంది. ప్రతి మనిషికీ ఒక ముఖసూత్రం ఉంటుంది. ఆ మనిషి బాగా పడిన వెయ్యి ఫోటోల నుంచి లెక్కగట్టిన సూత్రమది. కొత్త ఫోటో ఏది తీసినా స్ఫుటిని దాన్ని ఆ సూత్రం వైపు లాగుతుంది. వయసును మాత్రం కొద్దికొద్దిగా, మనసు నొచ్చుకోకుండా కలుపుతుంది.

దాన్ని కనిపెట్టిన మనిషి డాక్టర్ గంటి సువర్చల. అప్పుడామెకి ముప్పై అయిదేళ్ళు. ఇప్పుడు అరవై ఆరు.

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఒక మధ్యాహ్నం ఆమె తన ఆల్బం తెరిచి కూర్చుంది. లక్షా పదివేల ఫోటోలు. గంట సేపు చూసినా ఒక్కదాని దగ్గరా ఆగాలనిపించలేదు. అరకు కొండలూ భీమిలి ఒడ్డూ ఒకేలా మెరుస్తున్నాయి. తల్లి పోయిన ఏడాది తీసుకున్న ఫోటోలో కూడా తను హాయిగా నవ్వుతోంది. ఆ రోజు తను ఏడ్చినట్టు ఆమెకి బాగా గుర్తు.

ఆ తర్వాతి నెలలోనే ఆమె చెయ్యి తిరగనివాళ్ళ సంఘంలో చేరింది.

చేపల రేవు పక్కన మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో ప్రతి ఆదివారం ఉదయం పదకొండు మంది చేరేవారు. ఎక్కడెక్కడి నుంచో సంపాదించిన పాత ఫిలిం కెమెరాలు. ఫిలిం అమ్మేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి జిలాటినూ వెండి ఉప్పూ కలిపి తామే పూసుకునేవారు. గోడ మీద ఎవరో బొగ్గుతో రాశారు: "ఇక్కడ తప్పులు దిద్దబడవు." సువర్చల మొదటి రీలులో పన్నెండు ఫోటోలకి మూడే వచ్చాయి. ఒకదాంట్లో తన వేలు అడ్డం పడింది. రెండోదాంట్లో పడవ ఒరిగి ఉంది. మూడోది ఒక కాకి, సగం మసక. ఆ కాకిని ఆమె వారం రోజులు వంటింట్లో పెట్టుకుని చూసింది. చిన్నప్పుడు మొదటిసారి సైకిలు తొక్కిన నాటి సంతోషం అది. బాగా తొక్కాలనే పట్టింపు లేదు, పడిపోతే నవ్వుకోవచ్చు.

ఆ సంతోషంలో ఒక ముల్లు ఉండేది. సంఘంలో ఆమె తనెవరో చెప్పలేదు. రిటైరైన ఫిజిక్స్ టీచరునని చెప్పుకుంది. చేరిన రోజే బొడ్డేపల్లి నరసింగరావు, ఓడరేవులో క్రేను నడిపి మానేసిన మనిషి, ఆమెకి టీ గ్లాసు అందిస్తూ అన్నాడు: "ఆ స్ఫుటిని కనిపెట్టినోళ్ళు ఎవలో గానీ మేడమ్, దొరికితే ఓ దండం పెడతాను. ఆళ్ళు అందరి ఫోటోలూ బాగుసేసీసినారు గాబట్టే మనకీ పాడుసేసుకునే సరదా మిగిలింది." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు. వారాలు గడిచిన కొద్దీ ఆ మాట మరింత బరువెక్కింది.

నరసింగరావుకి అప్పటికి యాభై తొమ్మిది. అతని భార్య నూకరత్నం ప్రతి ఆదివారం పదకొండు మందికీ ఉప్మా పంపేది. సువర్చలకి మనుషుల ముఖాలు తియ్యాలని కోరిక. ఎదుట కూర్చునే ఓపిక అతనొక్కడికే ఉండేది. రెండేళ్ళలో అతన్ని ఆమె అరవై సార్లకి పైగా తీసింది. ఆమె లెన్సు పాతది, దగ్గరగా పెడితే తప్ప ముఖం పట్టదు. దగ్గరగా పెడితే ముక్కు ఉబ్బినట్టు, దవడ సాగినట్టు పడేది. ప్రింటు ఆరబెట్టగానే ఆమె ముందే చెప్పుకునేది.

"నా లెన్సు మంచిది కాదండీ. మీ ముక్కు మళ్ళీ పెద్దది చేసేసింది. ఏమీ అనుకోకండి."

"పోనిద్దురూ మేడమ్. సంఘం రూలే అది కదేటి," అనేవాడతను. ప్రింటు జేబులో పెట్టుకునేవాడు.

అతను తీసే ఫోటోలు మరో తమాషా. వరసలో పదిమందిని నిలబెడితే మధ్యనున్న ఆరుగురే పడేవారు. అటు చివర ఇద్దరూ ఇటు చివర ఇద్దరూ ఎగిరిపోయేవారు. "నరసింగరావు తీస్తే చివర నిలబడకండర్రా, రేషను కార్డులోంచి పేరు కొట్టేసినట్టే," అని అందరూ ఏడిపించేవారు. అతను తల గోక్కుని నవ్వేవాడు. ఆ నవ్వుల మధ్య సువర్చలకి జన్మలో ఎరగని ప్రశాంతత దొరికింది. తప్పుని తప్పుగా వదిలేయడం ఇంత సుఖమా అనుకునేది.

రెండో ఏడాది కార్తీకమాసంలో, పట్టపగలు, చేపల బుట్టలు మోసే కరెంటు బండి నరసింగరావుని కుడి పక్క నుంచి గుద్దేసింది. బండి హారను కొట్టిందని చుట్టూ ఉన్నవాళ్ళందరూ చెప్పారు. అతనికి మాత్రం అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియలేదు. తొడ ఎముక విరిగింది.

సువర్చల ఆసుపత్రికి వెళ్ళేసరికి డాక్టర్ ఫర్జానా నూకరత్నంతో మాట్లాడుతోంది.

"కాలు అతుక్కుంటుందమ్మా. దాని గురించి కాదు. ఆయనకి రెండు పక్కలా చూపు లేదు. ఎదురుగా ఉన్నదే కనబడుతుంది. మెదడు అడుగున పీయూష గ్రంథి అని చిన్న గ్రంథి ఉంటుంది. దాని మీద కంతి పెరిగి కంటి నరాలని నొక్కుతోంది. ఈ కంతి వల్లే చేతులు, పాదాలు, దవడ, ముక్కు అన్నీ మెల్లమెల్లగా పెరుగుతాయి. రోజూ చూసేవాళ్ళకి తెలియదు. ఎన్నాళ్ళ నుంచో అంచనా వెయ్యాలి. పాత ఫోటోలు ఉన్నాయా?"

"ఉన్నాయండి. వేలకి వేలున్నాయి," అంది నూకరత్నం, ఫోను తీసి ఇస్తూ.

డాక్టరు చాలాసేపు జరుపుతూ కూర్చుంది. కాస్త నెరిసిన జుట్టు తప్ప పదేళ్ళ కిందటి ముఖమూ నిన్నటి ముఖమూ ఒకటే. "పనికిరావమ్మా," అంది చివరికి. "ఈయన మోకాళ్ళ నొప్పులకి ఫోనులోనే మందులిచ్చిన డాక్టరు కూడా తెర మీద ఈ ముఖాన్నే చూసి ఉంటాడు."

నూకరత్నం సంచిలోంచి ఒక బిస్కెట్ డబ్బా తీసింది. "ఇవి కూడా ఉన్నాయి గానీ, బాగుండవండి. ఈ మేడమ్ గారు సరదాకి తీసినవి."

డాక్టరు వాటి వెనక రాసిన తేదీలు చూసి బల్ల మీద వరసగా పేర్చింది. అరవై రెండు ఫోటోలు. ఒకే కెమెరా, ఒకే కుర్చీ, ఒకే దూరం. సువర్చల మొదటి దాన్నీ చివరి దాన్నీ చూసింది. లెన్సు మారలేదు. ముఖం మారింది. రెండేళ్ళలో దవడ ముందుకొచ్చింది, పళ్ళ మధ్య సందులు పడ్డాయి.

"ఇవి చాలా విలువైనవి మేడమ్," అంది డాక్టరు, నిజంగానే మెచ్చుకుంటూ. "మీకు తేడా ఏమీ అనిపించలేదా?"

"నా లెన్సు తప్పనుకున్నాను," అంది సువర్చల. ఆ మాట తన చెవికే అసహ్యంగా వినిపించింది.

ఆపరేషనుకి ముందు మరింత పాత రూపం కావాలని, తొలి బింబాల కోసం డాక్టరు కాగితం రాసింది. మత్తులో ఉన్న అతని బదులు నూకరత్నం వేలిముద్ర వేసింది. అవి తెచ్చే పని సువర్చల తన మీద వేసుకుంది. కైలాసగిరి మీద తను పనిచేసిన ప్రయోగశాలలో ఆమె ప్రవేశపత్రాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. తను కట్టిన గదిలో, తను మాటలు నేర్పిన స్ఫుటిని గొంతు ఆమెని పలకరించింది.

"నమస్కారం డాక్టర్ సువర్చల. ఎనిమిదేళ్ళయింది మీరొచ్చి."

"బొడ్డేపల్లి నరసింగరావు తొలి బింబాలు కావాలి. అనుమతి పత్రం ఇదిగో. అసలు ఉన్నాయా? చెరిపేశావా?"

"ఒక్కటి కూడా చెరపలేదు. చెరపకూడదని చట్టం. ఎవరి ఫోటోల తొలి బింబాలు వాళ్ళు ఎప్పుడైనా చూసుకోవచ్చు. దానికి మీట కూడా ఉంది."

"ఎక్కడుంది? నూకరత్నానికి కనబడలేదే?"

"అమరికల్లో అయిదో పొర అడుగున. మొదట తెర మీదే ఉండేది. అక్కణ్ణుంచి తీసి లోపల పెట్టమన్నది మీరు."

సువర్చల కుర్చీలో కూర్చుంది. అంతా గుర్తొచ్చింది. స్ఫుటిని మొదటి పరీక్షకి వచ్చిన మూడు వందల మందీ మీట నొక్కి తమ తొలి బింబం చూసుకుని, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు. అప్పుడామె కూడా నొక్కి చూసుకుంది. కళ్ళ కింద నలుపు, తండ్రి నుంచి వచ్చిన వంకర పెదవి. మర్నాడే మీటని లోపలికి తోయించింది. వాళ్ళ సుఖం కోసమేనని నివేదికలో రాసింది.

"ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో ఎంతమంది నొక్కారు?"

"నూటికి ఒక్కరు కూడా కాదు. నొక్కినవాళ్ళలో రెండోసారి నొక్కినవాళ్ళు ఇంకా తక్కువ. నరసింగరావు గారు ఒక్కసారి నొక్కారు. ఆరేళ్ళ కిందట. నాలుగు సెకన్లు చూశారు. మళ్ళీ రాలేదు."

అంటే అతనికి తెలుసు. తనకంటే ముందే తెలుసు. సువర్చల గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. గట్టిగా ఊపిరి కూడా వదిలింది. మరుక్షణం, మంచం మీద కాలు కట్టించుకుని పడుకున్న మనిషి మీదికి నేరం తోసి తను తేలికపడుతున్నానని గ్రహించి, తన మీద తనకే రోత పుట్టింది.

తొలి బింబాలు డాక్టరుకి అందాయి, ఆపరేషను బాగా జరిగింది. ముక్కులోంచి గొట్టం పంపి కంతి తీసేశారు. పక్క చూపు కొంత తిరిగి వచ్చింది, కొంత ఇక రాదన్నారు. పెరిగిన ఎముక తగ్గదన్నారు. పదిహేను రోజులు పోయాక, నూకరత్నం మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు, సువర్చల మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టింది.

"నరసింగరావు గారూ, నేను ఫిజిక్స్ టీచర్ని కాను. స్ఫుటిని కనిపెట్టింది నేనే. మీ అసలు ముఖం మీకు కనబడకుండా మీట దాచిందీ నేనే. ఆ తర్వాత రెండేళ్ళు మిమ్మల్ని ఎదురుగా పెట్టుకుని కూడా చూడలేదు."

అతను దిండు మీద తల ఆమె వైపు తిప్పాడు.

"నాకు కోపం రావాల కదేటి మేడమ్," అన్నాడు. "రావట్లేదు. ఎందుకో సెప్తాను. ఆ మీట నాను నొక్కినాను."

"తెలుసు. రికార్డులో ఉంది."

"ఉందా అది కూడా!" అతను నవ్వబోయి ఆగాడు. "ఓ పొద్దు గెడ్డం గీసుకుంతన్నాను. తెర అద్దంలో మొకం ఎప్పటిలాగే ఉంది. సేత్తో తడిమితే దవడ పెద్దగా తగిలింది. ఏటిదని ఎతికి ఎతికి ఆ మీట పట్టుకున్నాను. సూసినాను. ఎవడో వేరే మనిషి మేడమ్. బయమేసి మూసీసినాను. రత్నానికి సెప్పలేదు. వయసు మీద పడితే అందరూ అలగే అవుతారేమో అనీసుకున్నాను."

"మరి నా కెమెరా ముందు ఎందుకు కూర్చునేవారు? అది దిద్దదని మీకు తెలుసు కదా."

"దిద్దదు గానీ, మీరు సారీ సెప్తారు కదా," అన్నాడతను మెల్లగా. "పెతిసారీ ఆ ఫోటో సూడ్డానికి నాకు గుండె దడగా ఉండీది. ఇంతలో మీరే, 'నా లెన్సు మంచిది కాదండీ' అనీవోరు. హమ్మయ్య, లెన్సుదే అనుకునీవోణ్ణి. ఆ వారం అంతా హాయిగా నిద్దర పట్టీది. ఆదివారం ఎప్పుడొస్తాదా అని సూసీవోణ్ణి."

అయిదో పొరలో దాచిన మీట ఒక్కటే తన నేరమని సువర్చల ఇంతవరకూ అనుకుంది. ఐసు ఫ్యాక్టరీలో, వెండి ఉప్పు మరకల చేతులతో, జన్మలో ఎరగని ప్రశాంతత అనుభవిస్తూ కూడా తను చేసింది అదే పని. ఈసారి యంత్రం కూడా అక్కర్లేకపోయింది. ఇద్దరికీ హాయిగా ఉంది కాబట్టి ఇద్దరూ చూడలేదు.

"సంఘం మానేస్తానండీ," అంది.

"మానీసి ఏటి సేస్తారు? మళ్ళీ ఇంకో యంత్రం కనిపెడతారా?" అన్నాడు నరసింగరావు. దిండు సర్దుకుని కూర్చున్నాడు. "కెమెరా ఉందా సంచిలో? తియ్యండి. ఈసారి మటుకు ముందే ఏటీ అనీయకండి."

ఆమె తీసింది. చేతులు వణికాయి. ఆదివారం కడిగి ఆరబెట్టి, ప్రింటు ఆసుపత్రికి పట్టుకొచ్చింది. ఎడమ సగమంతా చెదిరిపోయింది, దిండు ఎక్కడ అయిందో చెంప ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అతను దాన్ని అందుకోకుండా ఆమె ముఖంలోకి చూశాడు.

"ఎలగుంది? మీరే సెప్పండి."

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది. ఫోటో వైపు కాక మనిషి వైపు తిరిగి, ముక్కు, దవడ, పళ్ళ మధ్య సందులు, ఒక్కొక్కటే తీరిగ్గా చూసింది. తర్వాత ఫోటో చూసింది.

"మసక నాదండీ," అంది. "దవడ మాత్రం మీదే."