కొటారు దగ్గర రెండు పిలుపులు

కళింగపట్నంలో పొద్దుపోయాక ఉప్పు కొటారు ఊసెత్తితే ఎవరూ మాట సాగనివ్వరు. ఓడలొచ్చే రోజుల్లో కట్టిన గోదాము అది. ఓడలు పోయాయి, ఉప్పు పోయింది, పైకప్పు సగం కూలిపోయింది. మిగిలింది ఒక ఆడదాని గొంతు... అంటారు. ఎప్పుడో బస్తాలు మీదపడి చచ్చిపోయిన కూలిమనిషిదట. చీకట్లో అటు వెళ్ళేవాళ్ళని పిలుస్తుందట.

ఈ సంగతి నాకు చెప్పింది ఆమదాలవలసలో సోషలు పాఠాలు చెప్పే గణపతిరావు మాస్టారు. ఆయనకో పిచ్చి ఉండేది. సెలవొస్తే చాలు, నోటుబుక్కు పట్టుకుని ఏదో ఒక పాత రేవు ఊరు కాలినడకన చుట్టేసేవాడు. వెంట ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. నోరున్నవాడికి దారి దొరక్కపోతుందా అనేవాడు.

అరవై ఎనిమిదిలో అలాగే కళింగపట్నం వెళ్ళాడు. లైట్‌హౌసు చూశాడు. వలలు బాగుచేసేవాళ్ళ పక్కన కూర్చుని ఏ ముడిని ఏమంటారో రాసుకున్నాడు. మధ్యాహ్నం టీ కొట్టు గురమ్మ ఈయన వాలకం చూసి జాలిపడింది.

"బాబూ, సీకటడితే కొటారు ఏపు ఎల్లకండి. అది పిలుస్తాది."

"పిలిస్తే ఏమవుతుంది?"

"పలికితే అయిపోయినట్టే. రెండుపాల్లే పిలుస్తాది. మడిసైతే మూడోపాలి కూడా పిలుస్తాడు. అప్పుడు పలకాల."

మాస్టారు నవ్వుతూ అదీ రాసుకున్నాడు.

తర్వాత దొరల సమాధుల దగ్గర, అరిగిపోయిన అక్షరాలు కూడబలుక్కుంటూ కూర్చుండిపోయాడు. తల ఎత్తేసరికి చీకటి. ఆఖరి బస్సుకి దగ్గర దారి కొటారు పక్కనుంచే...

నడిచాడు. చదువుకున్నవాణ్ణి, నాకేమిటని నడిచాడు. గోడ దాకా వచ్చాడు.

"ఓ బాబూ..."

ఆగాడు.

సముద్రం హోరు. గాలి. మళ్ళీ... లోపలినుంచే, ఇంకాస్త నీరసంగా —

"బాబూ... ఇటు రండి..."

నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. మూడోది రానీ అనుకున్నాడు. మనిషైతే పిలుస్తుంది కదా.

నిలబడ్డాడు... చాలాసేపే నిలబడ్డాడు. మూడో పిలుపు రాలేదు.

అంతే, చెప్పులు వదిలేసి పరుగు! గురమ్మ కొట్టు అరుగు మీద వచ్చి పడ్డాడు. ఆవిడ ఆయన మొహాన నీళ్ళు కొట్టి, అల్లం టీ కాచి ఇచ్చింది.

"పలకలేదు గదా?"

"లేదు."

"మంచి పని సేసినారు. ఇక్కడే తొంగోండి."

తెల్లారింది. రేవుకి పోయే ఎర్రన్న అనే జాలరి పరుగెత్తుకొచ్చాడు.

కొటారులో గోడ కూలింది. దాని కింద గున్నమ్మ. గురమ్మ చెల్లెలు. ఊరి చివర పాకలో ఒంటరిగా ఉండేది. పగటిపూట అక్కడ విరిగిన దూలం ముక్కలు వంటచెరుకుకి ఏరుకునేవారు ఆడవాళ్ళు. నిన్న సాయంత్రం అలాగే వెళ్ళింది.

కాంపౌండరు వచ్చి చూశాడు. నడుం మీద రాళ్ళు పడ్డాయన్నాడు. ప్రాణం కోడికూత దాకా ఉన్నట్టే ఉందన్నాడు.

కోడికూత దాకా! రెండు వీధుల అవతల నేను టీ తాగుతున్నాను — అన్నాడు మాస్టారు, నాకు ఈ సంగతి చెబుతూ.

చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకున్న గురమ్మ ఆయన్ని దగ్గరికి పిలిచింది.

"బాబూ... రేతిరి మీరిన్న గొంతు..."

పిలుపు విన్నది ఆయనొక్కడే. పలకొద్దని చెప్పింది ఆవిడ.

దెయ్యాల్లేవని పిల్లలకి ఇరవయ్యేళ్ళు పాఠం చెప్పిన మనిషి, ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అది మనిషి గొంతు కాదమ్మా. దెయ్యమే. ఒట్టు."

గురమ్మ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అవును బాబూ... దెయ్యమే," అంది, ఏడుస్తూ.