ఉన్నది ఉన్నట్టు

గోనెవారిపాలెం బస్సులో అందరూ ఒకే వార్త వింటున్నారు. కానీ ఏ ఇద్దరి చెవిలోనూ అది ఒకే వార్త కాదు. శేషారత్నం చెవికి పెట్టుకున్న వీనుపూసలో, ఎగువన మంచి వానలు పడ్డాయనీ, వాగులు నిండుగా కళకళలాడుతున్నాయనీ వచ్చింది. పక్క సీట్లో కూర్చున్న రైతు కళ్లంలో శనగలు ఆరబోసి వచ్చినవాడు. అతనికి అదే వాన చిన్న జల్లయి, సాయంత్రానికి తెరిపిచ్చింది. వెనక కూర్చున్న కుర్రకారుకు ఏమని వినిపించిందో, కాళ్ళతో తాళం వేస్తున్నారు. వాగులో ఎవరైనా కొట్టుకుపోయారేమో ఆ బస్సులో ఎవరికీ తెలియదు.

దీనికి ఒదుగుధార అని పేరు పెట్టారు. అది మనిషి నాడి చూస్తుంది, నిద్ర చూస్తుంది, ఎంత మాట తట్టుకోగలడో అంత మాటే చెవికి అందిస్తుంది. పసిబిడ్డకు అన్నం మెత్తగా పిసికి పెట్టినట్టు. ‘పలుకు మారుతుంది, పదార్థం మారదు’ అని వచ్చిన కొత్తలో ఊరూరా చాటింపు వేశారు. జనం నమ్మారు. నమ్మకేం చేస్తారు, అది వచ్చాక కోర్టు కచేరీల్లో తగాదాలు తగ్గాయి, కబురు విని గుండె ఆగి పడిపోయేవాళ్ళు తగ్గారు. ఫైలు అనే మాట మాత్రం ముసలివాళ్ళ నోళ్ళలో మిగిలిపోయింది. దాచుకోవడానికి ఏదైనా ఒక్క తీరున నిలబడితే కదా!

రత్నానికి గుండె గుభేలుమని ఎన్నేళ్ళయిందో. తండ్రి పున్నయ్య పోయిన కబురు కూడా పూస మెత్తగానే చెప్పింది, నాన్న నొప్పులన్నీ తీరిపోయాయి అని. మంచి మాటే కదా అనుకుని ఆమె పొయ్యి మీది కూర దింపి, ఇల్లు సర్దుకునే బయల్దేరింది. పాలెం చేరేసరికి పాడె లేచిపోయింది. ఆ రోజు అక్క మంగతాయి వాకిట్లో నిలబెట్టి నలుగురిలో అడిగింది. “పోయే ముందు నిన్ను రమ్మని నోరు తెరిచి కబురు పెట్టాడు గదే! నేనూ విన్నా గదా! కబురందిన వారానికా వచ్చేది?” రత్నం విన్న కబురులో రమ్మని లేదు. ‘నాకేం పర్లేదు తల్లీ, తీరిక చూసుకుని రా’ అని ఉంది. ఇద్దరికీ పంపింది ఒక్కటే మాట. పదార్థం మారదంటారు కాబట్టి ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరు అయ్యారు. తొమ్మిదేళ్ళుగా అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు.

మేనమామ కొడుకు ఏడుకొండలు వల్లే ఇవాళ ఈ ప్రయాణం. ఊరి చివర, ఒకప్పుడు పొగాకు ఆరబెట్టిన పాడుబడ్డ బ్యారన్‌లో అతను ఒక పాత లినక్స్ కంప్యూటరు పెట్టుకుని ఉన్నాడు. చేపల చెరువుల మీద వచ్చేది తింటాడు, మిగతా పొద్దంతా దాని ముందు గడుపుతాడు. ఊరు దాన్ని పిచ్చి కింద జమ కట్టి వదిలేసింది. మొన్నామధ్య దాన్నుంచి పాత యంత్రాల చిరునామాలు ఒక్కొక్కటే తట్టి చూస్తుంటే ఒకటి పలికిందట. ఎప్పుడో మూతపడ్డ రైతు సహకార సంఘం వాళ్ళ మాటపెట్టె అది. ఆ కాలంలో రైతులు ఇంట్లో ఉన్న డబ్బా మీట నొక్కి మాట్లాడితే ఆ మాట అందులో పడేది, అక్కణ్ణుంచి ధార తీసుకుని ఒదిగించి ఇంటివాళ్ళందరికీ చేర్చేది. పున్నయ్య చివరిసారి మాట్లాడింది అందులోనే. నెలాఖరుకు దానికి కరెంటు తీసేస్తారు. “అసలు మాట అందులో ఉంది, ఇద్దరూ వచ్చి వినిపొండి” అని ఏడుకొండలు కబురు చేశాడు.

బ్యారన్ గుమ్మంలో రత్నం చెప్పులు విడిచేసరికి మంగతాయి అప్పటికే లోపల పీట మీద కూర్చుని ఉంది. చెల్లెలి వంక చూడలేదు.

“వచ్చిందా మహాతల్లి?” అంది బావ ఏడుకొండలుతో.

“వచ్చాననీ, బస్సు ఆలస్యమైందనీ చెప్పు బావా,” అంది రత్నం.

“నేనేమన్నా గోడనా మీ ఇద్దరి మధ్యన?” అన్నాడు ఏడుకొండలు కుర్చీ తిప్పుతూ. “ఇద్దరికీ చెవులున్నయ్యి. ముందా పూసలు తియ్యండి. ఇక్కడ పచ్చిగా వినాల.”

పూస తీస్తే చెవి గుడ్డ విప్పిన గాయంలా ఉంది రత్నానికి. పైకప్పులో పావురాల గోల, కంప్యూటరు ఫ్యాను గరగర, అక్క ఊపిరి. ఏదీ ఆమె కోసం తగ్గడం లేదు.

“ముందే అంటన్నా,” అంది మంగతాయి ఇంకా బావ వైపే చూస్తూ. “ఆయన దాన్ని రమ్మనలేదని తేలిందా, దాని కాళ్ళు పట్టుకుంటా, నలుగురిలో. రమ్మన్నాడని తేలిందా, అది మళ్ళీ నా గడప తొక్కకూడదు.”

“సరే అని చెప్పు,” అంది రత్నం. ఆ మాట అంటున్నప్పుడు భయం వేస్తుందేమోనని లోపల వెతుక్కుంది. ఏమీ లేదు. ఎండిన బావిలో చేద వేసినట్టు.

ఏడుకొండలు మీటలు కొట్టాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. ఎఫ్‌టీపీ అనే పాత దారి అది, తాతల కాలం నాటిది అన్నాడు. నీ పేరేమిటని అవతలి యంత్రం అడిగింది. ‘అనానిమస్’ అని కొట్టాడు.

“అదెవరు?” అంది రత్నం.

“ఎవరూ కాదు. పేరు లేనోడని. ఆ రోజుల్లో తలుపులు అట్టా ఉండేయి మరదలా. ఎవడన్నా రావచ్చు, ఉన్నది పట్టుకుపోవచ్చు. నువ్వెవరు, నీ నాడెంత, ఇది విని నిద్రపోగలవా అని అడగదు.”

“సిగ్గులేని తలుపు,” అంది మంగతాయి.

పున్నయ్య పేరున్న ఫైలు దొరికింది. ‘గెట్’ అని కొట్టాడు. తెర మీద ముగ్గు చుక్కల్లా గుర్తులు ఒక్కొక్కటే పడసాగాయి. దారి మధ్యలో ఆగిపోయింది, మళ్ళీ అందుకుంది. ముగ్గురూ చుక్కలు చూస్తూ కూర్చున్నారు. చివరికి పూర్తయ్యాక ఏడుకొండలు డబ్బా స్పీకరు ముందుకు జరిపి వినిపించాడు.

మంగలంలో శనగలు వేగినట్టు ఒకటే చిటపట. మాట లేదు.

“ఇదేనా మా నాన్న?” అంది మంగతాయి. “దీనికా చేలో పనిమానుకొని వచ్చింది?”

ఏడుకొండలు నుదురు కొట్టుకున్నాడు. “నాదే తప్పు. రాతలు తెచ్చే పద్ధతిలో తెచ్చా. ఆ పద్ధతిలో అయితే దారిలో పంక్తుల చివర్లు సర్దుకుంటా వచ్చుద్ది. రాతకైతే మంచిదే. గొంతును అట్టా సర్దితే సచ్చిపోద్ది. ‘బైనరీ’ అని చెప్పాల. ఏదీ సర్దమాక, ఉన్నది ఉన్నట్టు తే అని.”

ఆ మాట కొట్టి మళ్ళీ తెచ్చాడు. ఫైలు పక్కనే సంఘం వాళ్ళు ఉంచిన దాని వేలిముద్ర ఉంది, పొడుగాటి అంకెల వరస. ఇక్కడికి వచ్చినదానికీ వేలిముద్ర తీసి రెంటినీ పక్కపక్కన పెట్టాడు. ఒక్క అంకె తేడా లేదు, అంటే దారిలో ఏదీ మారలేదు.

“ఇంక వినండి,” అన్నాడు.

ముందు గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత మనిషి.

“ఆఁ... ఎర్రలైటు ఎలిగింది. పడతన్నదా? ఒసే చిన్నదానా. రత్నం. నేనే. నువ్వు రావాల. ఎప్పుడొకప్పుడు గాదు, ఈ పూటే బస్సెక్కు. ఇక్కడ నా వల్ల కావట్లా. మీ అక్క పెట్టే కూడు కుక్క గూడా ముట్టదు. ఉప్పుంటే ఉడకదు, ఉడికితే ఉప్పుండదు. అది గాదే. తిట్టినా బాగుండు. మూతి ముడుచుకొని గిన్నె పెట్టి పోద్ది. పొద్దస్తమానం ఒక్క మాట మాట్టాడదు. మంచాన పడ్డోడికి...” దగ్గు. చాలాసేపు దగ్గు. “నేనింక ఉండనులే, తెలుస్తానే ఉంది. దాని చేతిలో పోవటం నాకిష్టం లేదు. నువ్వు రా. ఎట్టా ఆపాల దీన్ని... ఇదా?”

ఆగిపోయింది. పావురాలు రెక్కలు కొట్టుకున్నాయి.

నాలుగేళ్ళు మంచాన ఉన్న మనిషికి ఒళ్ళు తుడిచి, బట్టలు ఉతికి, ఎత్తి కూర్చోబెట్టిన చేతులు మంగతాయి ఒళ్ళో పడి ఉన్నాయి.

“ఇది నాన్న గొంతు కాదు,” అంది.

“అదేంది మరదలా? వేలిముద్ర సరిపోయింది గదా.”

“మళ్ళీ వినిపించు.”

వినిపించాడు. మంగతాయి తల పక్కకు వాల్చి, దగ్గు వచ్చే చోట వేలెత్తింది. “చూశావా? మళ్ళా అదే దగ్గు. అక్కడే, అంతే సేపు. మనిషన్నోడు రెండోసారి కూడా సరిగ్గా అక్కడే దగ్గుతాడా? ఇది ఎవడో చేసిపెట్టిన బొమ్మ. నాన్న రోజూ మాట్టాడతాడు నాతో. ఒక రోజు మాట్టాడినట్టు ఒక రోజు మాట్టాడడు. నిన్న గూడా అన్నాడు, ‘తల్లీ, నీ చేతి ముద్ద తిన్నాక ఇంక నాకేం కావాల, చిన్నదాన్ని కూడా రమ్మను, ఒక్కసారి ఇద్దర్నీ చూసుకుంటా’ అని. అదీ నాన్నంటే.”

తొమ్మిదేళ్ళుగా ఆమె ఆ కబురే రోజూ పూసలో పెట్టుకుని వింటూ ఉంది. మొదట్లో నాలుగు ముక్కలున్న మాట ఆమె అలసటను బట్టి పెరిగింది, ఆమె కన్నీళ్ళను బట్టి మెత్తబడింది. ఇప్పుడు దాదాపు జోలపాటంత అయింది.

ఏడుకొండలు రత్నం వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు. మీ నాన్న గొంతు నీకు తెలవదా?”

తెలుసు. ‘ఒసే చిన్నదానా’ అన్నప్పుడే తెలిసింది. కొత్త వస్తువేది చేతికొచ్చినా దానితో పైకే మాట్లాడే అలవాటు, మాటకు ముందు వచ్చే ఆ గరగర, అన్నీ తెలుసు. తనను పిలిచాడు. ఆ పూటే రమ్మన్నాడు. తను వారం రోజులు తీరిక కోసం చూసి, చివరికి కూర దింపి, ఇల్లు సర్దుకుంది. పూస ఉంటే ఈపాటికి ఏదో ఒకటి మెత్తగా చెప్పి ఉండేది. లేదు కాబట్టి ఆ మాట వచ్చి నేరుగా కూర్చుంది. నొప్పి పుట్టలేదు. నొప్పి పుట్టే చోటు ఎక్కడుందో ఒంటికి గుర్తు లేనట్టుంది.

అక్క తన వంకే చూస్తోంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. పందెంలో గెలిచిన మనిషి చూసే చూపు కాదది. ఆ మాట నిజమైతే ఆమె ఆ పీట మీద నుంచి ఇక లేచేలా లేదు.

“కాదు బావా,” అంది రత్నం. “నాన్న గొంతు ఇట్టా ఉండదు. ఈయనెవరో.”

ఏడుకొండలు ఆమెను కాసేపు చూసి, తెర వైపు తిరిగాడు. “ఫైలు ఉంచనా, తీసెయ్యనా?”

“తీసెయ్,” అంది మంగతాయి.

ఒక్క మాట కొట్టాడు. లినక్స్ మారు అడగలేదు. ఇంక నెలాఖరుకు అవతల కూడా కరెంటు పోతుంది.

మంగతాయి మోకాళ్ళ మీద చేతులూని లేచింది. “అయితే ఆయన నిన్ను రమ్మన్నాడో లేదో ఇంక తేలేది కాదు,” అంది. ఈసారి బావతో కాదు. “పోనీలే. పొద్దుటనగా తిని ఉంటావు. ఇంటికి రా.”

ఇంట్లో పీట వాల్చి, కంచం కడిగి పెట్టింది. అన్నం, చిక్కుడుకాయ కూర. వడ్డించేటప్పుడు మూతి ముడుచుకునే ఉంది, ఒక్క మాట లేదు. చిక్కుళ్ళు పళ్ళ కింద కరకరమన్నాయి. ఉప్పు ఎక్కువై నాలుక చురుక్కుమంది. రత్నం ముద్ద మింగింది. ఇంకో ముద్ద కలిపింది. అక్క గరిట పట్టుకుని పక్కనే నిలబడి ఉంది, ఏదో అడగాలని ఉండీ అడగడం చేతకానట్టు.

“బాగుంది అక్కా,” అంది రత్నం. “ఇంకొంచెం వెయ్యి.”