మీది ఏ ఊరు?

"మీరు శరణార్థులు గదా, ఈడికొచ్చి ఎన్నేండ్లయింది?"

దేవరాజులు అడిగిన మొదటి ప్రశ్నకే, గడపలో కూర్చున్న అమ్మాయి బియ్యం చెరగడం ఆపేసింది.

"ఎవరు సార్ శరణార్థులు?"

"అంటే... సిలోన్ నించి వచ్చినోళ్ళు..."

"రెండు దేశాలూ ఒప్పందం చేసుకోని పంపిస్తే వచ్చినోళ్ళం. మా పాస్‌పోర్టులో ఇండియా అని ఉండాది. మీకు పాస్‌పోర్టు ఉండాదా?"

"లేదు."

"అట్లయితే మీకన్నా నేనే గట్టి ఇండియన్ని. అది రాసుకోండి ముందు."

అది 1982. దేవరాజులు తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్నాడు. విదేశాల నుంచి తిరిగొచ్చిన వాళ్ళ పునరావాసం, అభివృద్ధి అని గైడు ఒక టాపిక్ ఇచ్చాడు. దాని మీద దేవరాజులుకు ప్రత్యేకమైన ప్రేమేం లేదు. పూతలపట్టు దగ్గర నూలుమిల్లు కాలనీలో సిలోన్ వాళ్ళున్నారు, చిత్తూరులో ఇంట్లో ఉండి రోజూ పోయి రావచ్చు, అమ్మ చేతి భోజనం దొరుకుతుంది. అంతే అతని శాస్త్రీయ దృక్పథం.

"మీ పేరు?" అంది ఆ అమ్మాయి.

"దేవరాజులు."

"ఒక్కరే వచ్చినారు, పేరేమో రాజులు. తక్కినోళ్ళు బస్సులో ఉండారా?"

ఆమె పేరు పంకజాక్షి. సిలోన్‌లో టీ తోట బడిలో పదోక్లాసు దాకా చదివింది. ఇప్పుడు తండ్రి మునెయ్యతో కలిసి మిల్లులో పని చేస్తోంది. తల్లి లేదు. కాలనీలో సగం మందికి తెలుగు రాదు, దేవరాజులుకు అరవం అంతంత మాత్రం. కాబట్టి అతని ప్రశ్నలు ఆమె నోట అరవమై, వాళ్ళ జవాబులు ఆమె నోట తెలుగై వచ్చేవి. రెండుసార్లూ మధ్యలో ఆమె నవ్వు కలిసేది.

"ముసలామె అంతసేపు మాట్లాడింది, నువ్వు ఒక్క ముక్కే చెప్తివే?"

"మీ ముక్కు బాగుండాదంట. అది కూడా రాసుకుంటారా?"

ఒకరోజు వాన పట్టుకుంది. ఇద్దరూ మిల్లు గేటు పక్క రేకుల కింద నిలబడ్డారు. అతను ఒక అడుగు జరిగాడు, ఆమె జరగలేదు. వాన తగ్గితే బాగుండునని ఇద్దరూ పైకి అన్నారు, లోపల ఇద్దరూ దేవుడికి వేరే మొక్కుకున్నారు.

"దీన్ని వాన అంటారా మీరు? మా తోటలో అయితే ఆర్నెల్లు కొండే కనపడదు."

"ఆ తోట గుర్తొస్తుందా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఈ మాట మీ ప్రశ్నల్లో లేదే."

"లేదు. నేనే అడుగుతుండా."

"రాకుండా ఎట్లుంటుంది? మా అమ్మను ఆడే పూడ్చినాము. నేను పుట్టిన ఇల్లు, తోట కూలోళ్ళ లైనిల్లు, ఆడే ఉండాది. ఈడ ఎవురన్నా సిలోన్‌దానా అని పిలిస్తే కోపమొస్తుంది. ఆ ఊరు నాది కాదు అనమంటే ఇంకా కోపమొస్తుంది."

ఆ మాట దేవరాజులు కాగితం మీద రాసుకోలేదు. రాసుకుని ఉంటే అయినా గుర్తుండేదేమో.

కాలనీలో అడగాల్సిన ఇళ్ళన్నీ అయిపోయాక కూడా అతను వస్తూనే ఉన్నాడు. అతని నాయనకు చిత్తూరులో బెల్లం మండీ. మండీ నుంచి అచ్చు బెల్లం తెచ్చేవాడు. పంకజాక్షి పాలు లేని టీ కాచి, బెల్లం ముక్క అరచేతిలో పెట్టి, కొరుక్కుంటూ తాగడం నేర్పింది. తోటలో అందరూ అట్లాగే తాగేవాళ్ళట.

"పని అయిపోయింది గదా, ఇంకా ఎందుకొస్తుండారు?"

"ఒక ప్రశ్న మిగిలింది."

"అడగండి."

"నన్ను పెండ్లి చేసుకుంటావా?"

బెల్లం ముక్క ఆమె చేతిలోనే ఉండిపోయింది. దాన్నే చూస్తూ అంది: "చేసుకుంటా. మీ ఇంట్లో ఎవురన్నా మా నాయన్ని ఒక మాటంటే?"

"నేనుండాను గదా."

ఎంత తేలిగ్గా అనేశాడో! ప్రేమలో ఉన్నవాడికి ధైర్యం అప్పనంగా వస్తుంది, ఖర్చుపెట్టే రోజు వచ్చేదాకా దాని సంగతి తెలియదు.

నాయన గోవిందస్వామి, దేవరాజులు భయపడినంత గొడవ చేయలేదు. పిల్ల తాత తమిళనాడులోని గుడియాత్తం పక్క నుంచి సిలోన్ తోటలకు పోయినవాడనీ, తమ కులమేననీ తెలిశాక కొంచెం మెత్తబడ్డాడు. వచ్చి పిల్లను చూసి ఇంకొంచెం మెత్తబడ్డాడు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు.

"తాంబూలాలకు పెద్దోళ్ళొస్తారు. మీదేవూరని అడక్క మానరు. గుడియాత్తం అని చెప్పమను. సిలోను, క్యాంపు, కాలనీ అనే మాటే రాకూడదు. నీ చెల్లెలికి రేపు సంబంధాలు రావల్ల."

ఒక్క మాటే గదా, ఒక్క పూటే గదా అనుకున్నాడు దేవరాజులు. వెళ్ళి మునెయ్యకు చెప్పాడు.

మునెయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఆడ మీరు ఇండియావోళ్ళు, పొండి అన్నారు. ఈడ సిలోనోళ్ళు వచ్చినారన్నారు. ఇప్పుడు గుడియాత్తం. కానీలే బాబూ, పిల్ల సుఖంగా ఉంటే సాలు. అమ్మికి మీరు చెప్పండి."

"మీరే చెప్పండి మామా."

చెబితే ఆమె ఒప్పుకోదని ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరూ చెప్పలేదు.

తాంబూలాలు తిరుచానూరులో ఒక సత్రంలో పెట్టుకున్నారు. మల్లెపూలు, చాపలు, పళ్ళేల్లో టెంకాయలు. గోవిందస్వామి మేనమామ పెద్దరికం వహించి కూర్చున్నాడు.

"మీదేవూరప్పా?"

"గుడియాత్తం సామీ," అన్నాడు మునెయ్య.

"గుడియాత్తమా! నాకు ఆడ తెలీని ఇల్లు లేదే. బెల్లం యాపారానికి ముప్పై ఏండ్లు తిరిగినా. ఏ వీధి?"

మునెయ్య జన్మలో ఆ ఊళ్ళో కాలు పెట్టినవాడు కాదు. చాప అంచు పీకుతూ తల దించుకున్నాడు.

లోపలి గదిలోంచి పంకజాక్షి బయటికి వచ్చింది.

"మాది గుడియాత్తం కాదు తాతా. నేనూ, మా నాయనా సిలోన్‌లో టీ తోటలో పుట్టినోళ్ళం. ఇప్పుడు పూతలపట్టు కాడ మిల్లు కాలనీలో ఉండాం."

గోవిందస్వామి గబుక్కున లేచాడు.

"ఇదేం మోసమప్పా! మాకు గుడియాత్తం అనే చెప్పినారే!"

మునెయ్య తల ఎత్తి దేవరాజులు వైపు చూశాడు. పంకజాక్షీ చూసింది. ఒక్క మాట చాలు. 'నేనే చెప్పమన్నా' అంటే చాలు. దేవరాజులు గొంతు దాకా వచ్చింది ఆ మాట. నాయన మొహం చూశాడు. మింగేశాడు.

మేనమామ గట్టిగా దగ్గాడు. "కూకో గోవిందసామీ. సిలోన్ అయితే ఏమి? కులం మనదే, పిల్ల లచ్చనంగా ఉండాది. కడుపుకూటికి పోయినోళ్ళు తిరిగొచ్చినారు, తప్పేముండాది? ముందే చెప్పుంటే సరిపోయె, అబద్దమెందుకు? సరే, మార్చుకోండి తాంబూలాలు."

అందరి మొహాల్లోకీ ప్రాణం వచ్చింది. గోవిందస్వామి కూడా కూర్చున్నాడు. ఎవరో పళ్ళెం ముందుకు జరిపారు.

"వద్దు తాతా," అంది పంకజాక్షి.

"ఏమ్మా?"

"మీరు పెద్దమనసుతో ఒప్పుకున్నారు, దండం పెడతా. కానీ ఈ పెండ్లి నాకొద్దు." ఆమె దేవరాజులు వైపు తిరిగింది. "మా నాయనకు అబద్దం ఆడేది రాదు. ఎవురు నేర్పించినారో ఆయప్ప ఈడే కూర్చోనుండాడు. మా నాయన్ని దొంగ మాదిరి నిలబెడుతుంటే నోరు తెరవలా. ఓడలో తోసి పంపించినోళ్ళు కూడా మమ్మల్ని మోసగాళ్ళు అనలా."

తండ్రి చేయి పట్టుకుని లేపింది. ఇద్దరూ మెట్లు దిగి, పూలమ్మేవాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళిపోయారు. దేవరాజులు గుమ్మం దాకా వెళ్ళాడు. పిలవలేదు. ఏమని పిలవాలి?

రెండు నెలల తర్వాత తిరుపతిలో అతనికి వైవా జరిగింది. మద్రాసు నుంచి వచ్చిన ఎగ్జామినర్ కాగితాలు తిప్పుతూ, మంచి ఫీల్డ్‌వర్క్ అని మెచ్చుకున్నాడు.

"వీళ్ళకూ స్థానికులకూ పెళ్ళి సంబంధాలు ఏమైనా కలిశాయా?"

"లేదు సార్."

"ఎందుకని? ఇక్కడివాళ్ళు ఒప్పుకోలేదా?"

కిటికీ బయట వాన పడుతోంది. దేవరాజులు అటు చూశాడు.

"ఒప్పుకున్నారు సార్. వాళ్ళే వద్దన్నారు."

"ఇంటరెస్టింగ్! కలిసిపోవడానికి వాళ్ళే ఇష్టపడటం లేదన్నమాట," అని ఆయన మార్జిన్‌లో ఏదో రాసుకున్నాడు.

దేవరాజులుకు ఫస్ట్ క్లాస్ వచ్చింది.