జంటకట్టు

అంగారకుడి మీద గాజుకప్పు కింద కట్టిన ఊళ్లో పొద్దు నీలంగా గూకుతుంది. ఆ నీలం గోడ మీద పడిందంటే పైడితల్లికి గుండె జారిపోయేది. ఆ వేళకే కూతురు హిమజ గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేది. పదిహేనేళ్ల పిల్ల. కప్పు కింద ఎంత ఉక్కపోసినా పొడుగు చేతుల చొక్కాయే. ఆ చేతుల కింద ఏముందో తల్లి ఒకసారి చూసింది.

"చావాలని కాదమ్మా," అని డాక్టర్ మస్తానమ్మ అప్పుడే చెప్పింది. "లోపలి బాధకి మాట దొరక్క ఒంటిమీద తీర్చుకుంటోంది. తిట్టొద్దు, కాపలా కాయొద్దు. పక్కన కూర్చుని అడగండి."

అడగడమంటేనే పైడితల్లికి భయం. ఏమంటే ఏమైపోతుందో! అందుకే జంటకట్టు తెచ్చుకుంది. రెండు పట్టీలు, ఒకదాని మీద కుడి అని, ఇంకోదాని మీద ఎడమ అని గుర్తులు. ఒకదాంట్లో ఉన్న సెన్సర్ నాడిని బట్టి, చెమటను బట్టి పిల్ల మనసులో కలతను పసిగడుతుంది. ఆ కబురందుకుని రెండోది తల్లి మణికట్టును బిగిస్తుంది. అప్పుడు తల్లి వెళ్లి పిల్ల పక్కన కూర్చోవాలి.

కట్టుకున్ననాటి నుంచి తల్లి పట్టీ ఒక్కసారీ బిగియలేదు. పైగా తలుపు వేసుకున్న కాసేపటికే హిమజ బయటికొచ్చి, మాటాపలుకూ లేకుండా తల్లిని ఆనుకుని కూర్చునేది. పిల్లకి నయమైపోయిందని పైడితల్లి అందరికీ చెప్పుకుంది. అడగాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది.

పరీక్షకు వెళ్లిన రోజు మస్తానమ్మ ఇద్దరి చేతులూ చూసి ఆగిపోయింది.

"కుడి అని గుర్తున్నది పిల్లది కదా. మీ చేతికుందేంటి?"

"ఆడపిల్లకి తాయెత్తు ఎడంచేతికే కదమ్మా కడతాం! ఎడమ అనున్నది దానికి కట్టీసి, మిగిలింది నాను కట్టుకున్నాను. ఏటయింది?"

"సెన్సర్ మీ చేతికుంది. ఇన్నాళ్లూ పిల్లకి చేరింది మీ కలత."

పైడితల్లి కూతురి వైపు తిరిగింది. "బిగిసీదేటే?"

"తలుపేసుకోగానే బిగిసేదమ్మా. బయట నిలబడి వణికిపోతన్నావని తెలిసేది. అందుకే వచ్చి కూర్చునేదాన్ని."

"మరి నీ బాధో?"

హిమజ చొక్కా చేతిని కిందికి లాక్కుంది. "నన్నెవరడిగారు?"

పట్టీలు మార్చబోయిన మస్తానమ్మను పైడితల్లి ఆపింది. రెండూ విప్పి బల్ల మీద పెట్టేసింది. కిటికీలో నీలం కమ్ముకొస్తోంది. కూతురి చెయ్యి ఒళ్లోకి తీసుకుంది.

"ఏటే నా తల్లీ, ఎక్కడే నొప్పి?"

పిల్ల నోరు విప్పేదాకా ఆ తల్లి గుండె ఎంత కొట్టుకుందో ఏ పట్టీకీ తెలియలేదు.