వెనక్కి తిరిగే సూది

"మీ బావని పొద్దున చంపేశారు," అన్నాడు చీఫ్. "కాఫీలో విషం. కూర్చో."

ఏజెంట్ మొద్దు కూర్చున్నాడు. ఆ పేరు వాళ్లక్క పెట్టింది, చిన్నప్పుడు దెబ్బ తగిలినా ఏడవడని. ఇప్పుడూ ఏమీ అనిపించలేదు. గదిలో ఏసీ ఎక్కువైందనిపించింది, అంతే.

"మన కోడ్‌లన్నీ మీ అక్క తలలోనే ఉన్నాయి. అదే తలలో రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ మొదలైపోయింది, మీ బావ చేసిన రోబో చేత్తోనే. దాన్ని శత్రువులు ఏదో చేశారని కబురు. ప్రోగ్రామ్ చూశాం. ఒక్క అంకె మారలేదు. వెళ్లు."

బావ ఉద్యోగం ఘర్షణకి సర్దుబాటు. రోబో చెయ్యి దిశ మార్చుకునేటప్పుడు రాపిడికి ఒక్క క్షణం పట్టేస్తుంది. సరిగ్గా అప్పుడు ప్రోగ్రామ్ చిన్న తోపు తోస్తుంది. ఇంట్లోనూ అంతే: ఘర్షణంతా అక్కది, సర్దుబాటంతా బావది.

మొద్దు మెకానిక్ వేషం వేశాడు. జిడ్డు చొక్కా అద్దెది, జిడ్డు మొహం సొంతం. పైన గౌను తొడుక్కుని థియేటర్లోకి వెళ్లాడు. మత్తు డాక్టర్ ఎదురైంది. డిపార్ట్‌మెంట్ మనిషే. మత్తివ్వడం ఆవిడ వృత్తి, మత్తెక్కించడం ప్రవృత్తి.

"బయట వానా?" కోడ్ అడిగాడు.

"గొడుగు తెచ్చుకోలేదు," సరైన జవాబే చెప్పింది. "ఇక్కడంతా బాగానే ఉంది. మీరు వెళ్లొచ్చు."

రోబోకి కెమెరా పట్టుకునే రెండో చెయ్యి కరెంటు ఆపేసి పక్కనే ఉంది. బావకో అలవాటుండేది. ఎవరింటికెళ్లినా తలుపు వేలితో తోసి ఎక్కడ ఆగుతుందో చూసేవాడు. యంత్రాన్నైనా అంతే. మొద్దు ఆ చేతిని వేలితో తోశాడు. వదిలినచోట ఆగాల్సింది, సబ్బు మీద కాలేసినట్టు చివరిదాకా జారిపోయింది.

"గ్రీజెవరు మార్చారు?"

"మత్తు డాక్టర్‌గారే నిన్న రెండిటికీ మార్పించారు," అన్నాడు సర్జన్. "ఏం?"

ఆవిడ అప్పటికే తలుపు దాకా జారుకుంది. బయట కాపలావాళ్లు అంతకు మించి జారనివ్వలేదు.

"తోపు పాత గ్రీజుకి లెక్కకట్టిందండీ. ఇంత జారుడులో అదే తోపు తోస్తే సూది ఎగిరిపడుతుంది!"

"స్టాప్ నొక్కుతా!"

"నొక్కకండి! నొక్కితే సూది తనంతట తనే వెనక్కొస్తుంది. అదీ దిశ మారడమేగా?"

స్క్రీన్ మీద సూది మొదటి మలుపుకి మూడు సెకన్లు. రెండు.

తగ్గింది ఘర్షణే కదా, అనుకున్నాడు మొద్దు. గ్లవ్ పీకేసి, రోబో భుజం దగ్గరి రాడ్డుని ఉత్త చేత్తో బిగించి పట్టుకున్నాడు. తోపు వచ్చింది. అరచేతి తోలు లేచిపోయింది. సూది మాత్రం మెల్లగా, మర్యాదగా వెనక్కి తిరిగింది.

సాయంత్రం అక్క కళ్లు తెరిచింది.

"చేతికి ఆ కట్టేమిట్రా మొద్దూ?"

"రాపిడి అక్కా."

"మీ బావకి చెప్పు. సర్దేస్తాడు."

మొద్దు తలూపాడు. అప్పుడు అరచెయ్యి మండడం మొదలైంది. అలవాటు లేని మనిషి కదా, నర్సుని పిలిచి అదేమిటో అడిగాడు.