పసుపు బల్ల

చొక్కాలు కుట్టే కార్ఖానా అది. గుడ్డ కత్తిరించేవాళ్ళకి నీలం ఏప్రాన్, కుట్టేవాళ్ళకి పసుపు. భోజనాల గదిలో రెండు బల్లలు. ఒకళ్ళ బల్ల దగ్గర ఇంకొకళ్ళు కూర్చున్న పాపాన పోలేదు. చొక్కా చెయ్యి పొట్టిదైతే, కుట్టువాళ్ళని అడిగితే తప్పు కటింగ్‌ది. కటింగ్‌వాళ్ళని అడిగితే కుట్టుది.

కటింగ్‌లో ఉన్న కుర్రాణ్ణి అందరూ కత్తెరోడనేవాళ్ళు. ఓ వానరోజు టీ దగ్గర నీలం ఏప్రాన్‌లో కొత్త పిల్ల కనపడింది. తడిసిన జడ పిండుకుంటోంది. మనపిల్లే అనుకుని తన టీ ఆమెకిచ్చేశాడు.

“కొత్తా? ఆ పసుపువాళ్ళతో జాగ్రత్త. పని తక్కువ, నోరెక్కువ.”

“అందరూనా?”

“ఒకణ్ణి చూస్తే చాలు. అంతా ఒకే తాను ముక్కలు.”

ఆమె అడుగుతూనే ఉంది. ఇతను చెబుతూనే ఉన్నాడు. ఆ కళ్ళు తనవైపే ఉంటే మాట ఎక్కడ ఆపాలో తెలియలేదు పాపం.

మర్నాడు చూస్తే ఆమె కాజాల మిషన్ దగ్గర, పసుపు ఏప్రాన్‌లో. కత్తెరోడు దగ్గరికి వెళ్ళాడు.

“మరి నిన్న నీలం?”

“నాది తడిసింది. చేతికందింది కట్టుకున్నా. టీ బాగుంది. కబుర్లు ఇంకా బాగున్నాయి.”

“నిన్ను కాదు నేనన్నది. నువ్వు వాళ్ళలాంటిదానివి కాదు.”

ఆమె పుటుక్కున దారం తెంపింది. “అదే నాకు నచ్చనిది. మావాళ్ళలో ఎంతమందితో మాట్లాడావేంటి?”

కత్తెరోడు వేళ్ళు లెక్కపెట్టబోయి ఒకటి దగ్గరే ఆగాడు. ఆమె ఒక్కతే మరి.

“మాట్లాడి చూడు. అప్పుడు నాతో మాట్లాడుదువుగాని.”

ఆ బల్ల దగ్గరికి వెళ్తే తనవాళ్ళు వెలేస్తారు. వెళ్ళకపోతే ఈ పిల్ల దక్కదు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు క్యారేజీ పట్టుకుని పసుపు బల్ల దగ్గరికి నడిచాడు.

“దారి తప్పావా అబ్బాయ్?” అన్నాడు కుట్టు మేస్త్రీ. ఆమెకి బాబాయి ఆయన.

“లేదండి. కూర్చోవచ్చా?”

“బల్లేమన్నా నా సొంతమా. కూర్చో.”

ఒకామె అడక్కుండానే కూర వేసింది. ఒకతను మొహం తిప్పుకున్నాడు. ఇంకొకాయన కత్తెర్ల మీద జోకు వేసి తనే నవ్వుకున్నాడు. ఒకళ్ళలా ఒకళ్ళు లేరు. కత్తెరోడికి వింతగా ఉంది. తల తిప్పి తన బల్లవైపు చూశాడు. అక్కడ అందరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుతున్నారు.

“ఇక్కణ్ణించి మావాళ్ళంతా ఒక్కలాగే ఉన్నారే,” అన్నాడు ఎదురుగా కూర్చున్న ఆ పిల్లతో.

“నాకు వచ్చిన దగ్గర్నించీ అలాగే కనపడతారు. టీ ఇచ్చిన ఒక్కడు తప్ప.”

“అంటే నువ్వూ నాలాగే...”

ఆమె నాలుక కరుచుకుంది.

“సరే. రేపు మీ బల్లకి నేనొస్తా.”

“ఎల్లుండి?”

“ఎల్లుండి సంగతి బాబాయిని అడుగు.”

మేస్త్రీ తల ఎత్తలేదు. ముద్ద మింగి అన్నాడు:

“అలాంటివి ఇంటికొచ్చి అడగాలి. ఆ ఏప్రాన్ విప్పేసి రమ్మను.”