సుల్తానా వాలిన ఖాళీ ఇల్లు

కార్ఖానాల ముసఫ్ఫా నుంచి పడమరగా రెండు గంటలు పోయి, పెద్ద రోడ్డు దిగి ఇసుకలో పడితే మాకు విసా ఇచ్చిన అరబ్బు కఫీల్ డేగల వేట క్యాంపు వస్తుంది. క్యాంపుకు అవతల, ఉప్పునేల మొదలయ్యే చోట, ఒక ఖాళీ ఇల్లు ఉంది. రాతిగోడలు, సగం కూలిన కప్పు, తలుపు లేని గుమ్మం.

ఆ ఇంటి మాటెత్తితే క్యాంపులో అందరూ గొంతు తగ్గిస్తారు. పొద్దు గుంకాక దాని పక్కన బండి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదని ఒకరు. అక్కడ అగ్గిపుల్ల అంటుకోదని ఇంకొకరు. ఎండకు మాడి చస్తున్నా ఒంటెలు దాని నీడకు పోవు... ఇది మాత్రం నేను కళ్లారా చూశాను.

నాకు భయమా? జగిత్యాల అడవుల్లో అడవిపందిని చెవి పట్టుకుని ఊరి దాకా నడిపించుకొచ్చిన వాణ్ని నేను. ముప్పై ఏళ్లుగా ఈ క్యాంపు వంట నాదే. నేను కాచిన గావా, అదే అరబ్బుల కాఫీ, గొంతు దిగందే మా కఫీల్ డేగను చేతి మీదికి ఎత్తుకోడు. రాజలింగం కాక అంటే అటు ఖోర్ ఫక్కాన్ దాకా తెలియని తెలుగువాడు లేడు.

నన్ను చంపుకుతిన్నవి దెయ్యాలు కాదు. బట్టలు.

"దుబాయ్‌ల చలేంది కాక?" ప్రతి చలికాలం కొత్తగా వచ్చినవాడు ఇదే మాట. పెట్టెలో రెండు లుంగీలు, నాలుగు బనియన్లు తెచ్చుకుంటాడు. జనవరిలో తెల్లవారుజామున ఈ ఇసుకలో నిలబడితే తెలుస్తుంది. చెంబు వంచితే నీళ్లు కింద పడేలోపు గడ్డకట్టిన రోజులు చూశాను నేను.

వేటకు బట్ట ఎంచుకోవడం ఒక విద్య. గొంతు ఎండేలా చెప్తాను... ఒంటికి ఆనుకుని కాటన్ వద్దురా, ఇసుకలో ఉరికితే చెమట పడుతుంది, ఆ తడి తర్వాత నిన్ను గడ్డకట్టిస్తుంది. పల్చటి ఉన్ని వేసుకో, దాని మీద స్వెటర్. బూట్లు బిగుతుగా వద్దు, లోపల వేళ్లు కదలాలి. అన్నిటికన్నా ముఖ్యం, చప్పుడు చేసే బట్ట ముట్టుకోవద్దు, పిట్ట బెదురుతుంది.

ఎవరు వింటారు? ఎవరూ వినరు.

కరోనా పోయిన తర్వాత రెండో చలికాలం అది. డేగల పని చూడటానికి హన్మాండ్లు అని నిజామాబాద్ పక్క పిల్లగాడొచ్చాడు. ముసఫ్ఫాలో ఇనుము మోసేవాడు. వాడి చెయ్యి వణకదని గమనించి కఫీల్ తీసుకొచ్చాడు. ఎండాకాలం డేగలు ఈకలు రాల్చేటప్పుడు ఏసీ గదిలో పెడతారు. ఆ గదిలోనే వీడూ పడుకున్నాడు. సుల్తానా అనే ఆడడేగకు పావురం మాంసం ముక్క ముక్క చేసి చేత్తో తినిపించాడు. అది వాడి గొంతు వింటే చాలు, తల తిప్పేది.

చలి మొదలుకాగానే నేనే వాణ్ని బర్ దుబాయ్ తీసుకుపోయాను. ఉన్ని చూడరా, ఉన్ని చూడరా అని నేను మొత్తుకుంటుంటే, వాడు అద్దం ముందు నిలబడి ఎర్రగా తళతళలాడే పారాచూట్ జాకెట్ తొడుక్కున్నాడు.

"ఫోటో మంచిగొస్తది కాక. వాసంతికి పంపాలె."

"నీ పెండ్లాం ఏమన్న నీతోని వేటకొస్తదారా?"

"వీడియో కాల్‌ల రోజొస్తది కాక."

ఇగ ఏం చెప్పాలి.

ఆ జాకెట్ కొంప ముంచింది. ఒక సాయంత్రం సుల్తానా కళ్లకున్న తోలు టోపీ తీశాడో లేదో, గాలి వీచింది. జాకెట్ ఫరఫరమని కొట్టుకుంది. డేగ అదిరిపడి లేచింది. ఎంత పిలిచినా దిగలేదు. దాని తోకకు చిన్న సిగ్నల్ యంత్రం ఉంటుంది, మా చేతిలోని డబ్బాను అది ఉన్న వైపు తిప్పితే కుయ్ కుయ్ అంటుంది. అటు తిప్పాం, ఇటు తిప్పాం...

ఖాళీ ఇంటి వైపు తిప్పితే మోగింది.

అప్పటికే చీకటి పడింది. క్యాంపు మేనేజరు, మా ముదీర్, ఫోన్‌లో ఒక్కటే మాట అన్నాడు. తెల్లారగానే కఫీల్ చుట్టాలతో వస్తున్నాడు, పిట్ట లేకపోతే హన్మాండ్లు విసా ఖలాస్, ఇంటికి టికెట్.

తెల్లారిందంటే ఆకలికి డేగ లేచి ఎటో పోతుంది. చీకట్లోనే పట్టాలి. కోడి కూసే వేళకు నేను, హన్మాండ్లు, డ్రైవర్ అజ్మతుల్లా బయల్దేరాం. చలి కత్తిలా ఉంది. ఈసారి హన్మాండ్లుకు బట్టలు నేనే తొడిగాను. తలకు మంకీ క్యాప్, ఒంటికి ఉన్ని, అన్నిటి మీదా నా ప్రాణం లాంటి ఫర్వా. ఫర్వా అంటే లోపల గొర్రెబొచ్చు కుట్టి కాళ్ల దాకా వచ్చే అరబ్బుల చలికోటు. కఫీల్ నాన్న స్వయంగా నా భుజాల మీద కప్పినది. నేను ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఇంటికి దూరంగా బండి ఆపి లైట్లు ఆర్పాం. పల్చటి వెన్నెల. కూలిన గోడ మీద నల్లగా, చిన్నగా... సుల్తానా.

హన్మాండ్లు నడిచాడు. గోడ దగ్గర దాకా పోయాడు. డేగ లేచి అవతలి గోడ మీద వాలింది. మళ్లీ పోయాడు. మళ్లీ లేచింది. ఉన్నట్టుండి వాడు వెనక్కి, బండి కిటికీ దగ్గరికి ఉరికొచ్చాడు.

"కాక... నా ఎనుక ఎవలో నడుస్తున్నరు."

"ఎవలూ లేరురా."

"నేను నడిస్తె సర్... సర్... అంటున్నది. నేను ఆగితె ఆగుతున్నది."

అజ్మతుల్లా కళ్లు మూసుకుని ఏదో చదవడం మొదలుపెట్టాడు. నేను హన్మాండ్లు చెయ్యి పట్టి ఊపాను. సర్ అంది. ఫర్వా ముందు భాగం తెరిచాను. లోపల ఎర్రగా తళతళ... పారాచూట్ జాకెట్.

నాకు ఏడుపొచ్చింది. "నీ దెయ్యం ఇదేరా."

"నువ్వు అటు పోంగనే లోపల ఏస్కున్న కాక, గాలి ఆపుతదని."

"నా మాట ఒక్కటన్న వింటవా నువ్వు?"

వాడు విననే లేదు. గోడ వైపు చూస్తున్నాడు. అటే చూస్తూ మెల్లగా అన్నాడు. "కాక, అది నన్ను ఎర్కవడ్తలేదు. ఎండకాలమంత ఉత్త అంగి మీదనే చూసింది నన్ను. గీ టోపీ, గీ కోటు... దానికి నేనే దెయ్యం లెక్క కనవడ్తున్న. ఇవన్ని ఇప్పాలె."

"చస్తవురా చలికి."

"చావను. నువ్వు నా ఎనుక రా. ఒక్కోటి ఇప్పి ఎనుకకు ఇస్త, అందుకో. నేను తిరిగి చూడ. తిరిగితె పిట్ట బెదురుతది."

సరే అన్నాను. వాడు నడిచాడు.

నేను దిగేవాణ్నే. తలుపు మీద చెయ్యి కూడా వేశాను. "చాచా, మత్ ఉతరో" అని అజ్మతుల్లా నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నేను దిగితే వాడు ఒంటరిగా హడలిచస్తాడు. వాడి కోసం ఆగాను.

వెన్నెల మబ్బు చాటుకు పోయింది, చీకట్లో ఏమీ కనపడలేదు. చాలాసేపు చప్పుడే లేదు... గాలి కూడా పడిపోయింది.

తర్వాత హన్మాండ్లు గొంతు, సన్నగా, పాటలాగా. "సుల్తానా... రా బిడ్డా..."

రెక్కల చప్పుడు. ఒక్కసారే.

వాడు పల్చటి అంగి మీద, పళ్లు టకటకలాడుతూ బండెక్కాడు. చేతి మీద సుల్తానా, కళ్లకు టోపీ. అజ్మతుల్లా హీటర్ తిప్పాడు. బండి మొదటి తాళానికే స్టార్టయింది. నేను వాడి కాళ్లు రుద్దుతూ, ఈ ఉపాయం నాకు ముందే తోచిందని, వాడి నోటితో రావాలనే చూశానని చెప్తున్నాను.

హన్మాండ్లు నా వైపు ఒకలా చూశాడు.

"కాక, కోపమైతె నోటితోని చెప్పరాదు?"

"కోపమేంది?"

"ఫర్వా ఇయ్యంగనే గుంజుకున్నవ్. జాకెట్ ఇస్తె ముట్టనే ముట్టలె, కింద వడ్డది."

నేను వాడి కాళ్లు రుద్దడం ఆపాను.

"ఇంకోటి. మా అందరికి ఇన్ని చెప్పి, నువ్వే చేతులకేం ఏస్కోలె. నీ చెయ్యి తాకితె... మంచుగడ్డ తాకినట్టయింది."

నా చేతులకు రెండు జతల ఉన్ని తొడుగులున్నాయి. వాటి వైపు చూశాను. అజ్మతుల్లా కూడా చూశాడు. ఆ తర్వాత వాడు బండి తోలిన తీరు... డెబ్బై గుర్రాలు కట్టినా ఇసుకలో అంత వేగం రాదు.

తెల్లారి కఫీల్ వచ్చేసరికి సుల్తానా తన అడ్డకర్ర మీద కూర్చుని ఉంది. హన్మాండ్లు విసా బతికింది. ఆ పొద్దు వేటలో అది రెండు పిట్టలను కొట్టింది. చుట్టాలు వాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నేను గావా పోస్తూ ఇదంతా నా తరిఫీదని అందరికీ చెప్పాను.

పొద్దు నడినెత్తికొచ్చాక ముగ్గురం కలిసి ఆ ఇంటికి పోయాం, బట్టల కోసం. మంకీ క్యాప్ ఇసుకలో పడి ఉంది. స్వెటర్ పడి ఉంది. ఎర్ర జాకెట్ గుమ్మం దగ్గర ఎవరో కాలితో నెట్టినట్టు మూలకు పడి ఉంది.

ఫర్వా లేదు.

ఇల్లంతా వెతుకుదామని హన్మాండ్లు గుమ్మం దాకా పోయి, లోపలికి తొంగిచూసి, తిరిగొచ్చి బండెక్కాడు. ఏం కనిపించిందో ఇప్పటిదాకా చెప్పలేదు. అడిగితే, "పోనీయ్ కాక, పాపం చలి వెడ్తుండొచ్చు" అంటాడు.

ఇంకా రెండు నెలల చలి ఉంది అప్పటికి. నేను దుప్పటి కప్పుకుని గావా కాచాను. ముప్పై ఏళ్లు ఈ ఎడారిలో గొంతు చించుకున్నాను కదా, ఏది వేసుకోవాలో, ఏది ముట్టకూడదో. తుచ తప్పకుండా నా మాట విన్నవాళ్లు ఒక్కరే ఉన్నారు... ఆ ఇంట్లో.